మాత్ర మొదలుపెట్టాక రక్షణ ఏ రోజు నుంచి?

సాయంత్రం ఏడు గంటలకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ మందుల షాపు ముందు చూసినా నలుగురైదుగురు నిలబడి ఉంటారు. వాళ్ళంతా వెళ్ళేదాకా పక్కన ఆగి, చివరికి గొంతు తగ్గించి గర్భనిరోధక మాత్రల పేరు చెప్పి, కాగితంలో చుట్టి ఇచ్చిన స్ట్రిప్పును గబగబా సంచిలో వేసుకుని బయటపడే అమ్మాయికి అసలు అడగాల్సిన ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఈ రాత్రి వేసుకుంటే ఎప్పటి నుంచి పనిచేస్తుంది? ధైర్యం చేసి అడిగినా దొరికే జవాబు షాపుకొక తీరు. ఒకచోట వెంటనే అంటారు, మరోచోట నెల ఆగమంటారు. మొదటి మాట కొందరి విషయంలో నిజం. రెండో మాట మామూలు మాత్రలకు వర్తించదు.

సూటిగా చెప్పాలంటే విషయం ఇది. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లూ కలిసిన మాత్రను నెలసరి మొదలైన అయిదు రోజుల లోపు వేసుకోవడం మొదలుపెడితే మొదటి మాత్రతోనే రక్షణ ఉంటుంది. అయిదు రోజులు దాటాక మొదలుపెడితే వరుసగా ఏడు మాత్రలు కడుపులో పడాలి. ఆ ఏడు రోజులూ కండోమ్ వాడాలి, లేదా కలయిక మానుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో ఉన్నదీ ఇదే. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్, తక్కువ ధరకు అమ్మే మాలా-డి, డాక్టర్లు రాసే ఇతర మాత్రల్లో ఎక్కువ భాగం ఈ కోవలోవే.

నియమం ఇంత చిన్నదే అయినా తప్పు జరిగేది రోజుల లెక్క దగ్గర. రక్తస్రావం మొదలైన రోజే ఒకటో రోజు. స్రావం ఆగిన రోజు నుంచో, తలకు పోసుకున్న రోజు నుంచో లెక్క మొదలుకాదు. మూడు రోజులు విడిగా ఉండి నాలుగో రోజు తలస్నానం చేసే అలవాటు మన ఇళ్ళలో తరాలుగా ఉంది. అందువల్ల ‘అయిదో రోజు నుంచి వేసుకోమ్మా’ అని డాక్టరు చెప్పిన మాటను స్నానం చేసినప్పటి నుంచి అయిదు రోజులని అర్థం చేసుకునే అవకాశం ఎంతైనా ఉంది. అలా లెక్కపెడితే మొదటి మాత్ర పడేది నిజానికి ఎనిమిదో రోజున. అప్పటికి వెంటనే రక్షణ వచ్చే గడువు దాటిపోయి ఉంటుంది, ఆ సంగతి వేసుకునే మనిషికి తెలియదు.

సోమవారం ఉదయం నెలసరి వచ్చిందనుకుందాం. సోమవారం ఒకటో రోజు, శుక్రవారం అయిదో రోజు. శుక్రవారం రాత్రి అన్నం తిన్నాక మొదటి మాత్ర వేసుకున్నా చాలు, అప్పటి నుంచే నిశ్చింత. ఏదో పనిలో పడి శనివారానికి వాయిదా వేస్తే లెక్క మారిపోతుంది. ఆ శనివారం నుంచి వచ్చే శుక్రవారం దాకా ఏడు మాత్రలు పూర్తికావాలి, ఆ తర్వాతే మాత్రను నమ్ముకోవాలి. ఒక్క రోజు తేడాకు వారం రోజుల జాగ్రత్త. అందుకే మొదటి మాత్ర వేసుకున్న తేదీని ఫోనులోనో వంటింటి క్యాలెండరు మీదో రాసిపెట్టుకోవడం మంచిది. పది రోజుల తర్వాత ఆ తేదీ ఎవరికీ కచ్చితంగా గుర్తుండదు.

నెలసరి రెండు మూడు నెలలకొకసారి వచ్చేవాళ్ళు, ముఖ్యంగా పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య) ఉన్నవాళ్ళు, దానికోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. అప్పటికే గర్భం లేదని తగినంత నమ్మకం ఉంటే ఏ రోజైనా మొదలుపెట్టవచ్చు, ఏడు రోజుల కండోమ్ నియమం మాత్రం పాటించాలి. అనుమానం ఉంటే, రక్షణ లేని చివరి కలయిక జరిగిన మూడు వారాల తర్వాత గర్భ పరీక్ష చేసుకోవాలి. అంతకు ముందు చేస్తే ‘లేదు’ అని వచ్చినా ఆ ఫలితాన్ని నమ్మలేం.

ఏడు అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మిగతా నియమాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ప్రతి నెలా మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి అండాశయానికి హార్మోన్ల ద్వారా కబురు పంపుతుంది. ఆ కబురు అందుకుని కొన్ని అండపు సంచులు పెరగడం మొదలవుతుంది. వాటిలో ఒకటి మిగతావాటిని దాటి పెద్దదై, పగిలి అండాన్ని విడుదల చేస్తుంది. మాత్రలోని హార్మోన్లు ఈ కబురునే ఆపేస్తాయి. నెలసరి మొదటి రోజుల్లో ఈ సంచులు ఇంకా చిన్నవి కాబట్టి అప్పుడు మాత్ర పడితే అవి పెరగకుండా ఆగిపోతాయి. పదో రోజునో పన్నెండో రోజునో మొదలుపెడితే ఒక సంచి అప్పటికే బాగా పెరిగి ఉండవచ్చు. పొయ్యి మీద పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు మంట ఆపితే పొంగవు. నురగ గిన్నె అంచుదాకా వచ్చాక ఆపితే పొంగిపోయినా పోవచ్చు. వరుసగా ఏడు రోజులు మాత్ర పడితే అండాశయం నమ్మదగినంతగా నిద్రలోకి జారుకుంటుందని లెక్క. దీనికి తోడు ప్రొజెస్టిన్ గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురును చిక్కగా చేసి వీర్యకణాలను లోపలికి పోనివ్వదు. అయితే ఈ రకం మాత్రల్లో ప్రధానమైన పని అండం విడుదల కాకుండా చూడడమే.

ఈ నిద్రకు ఏడు మాత్రలు ఎంత ముఖ్యమో, ఏడు రోజుల విరామం దాటకపోవడమూ అంతే ముఖ్యం. చాలా స్ట్రిప్పుల్లో హార్మోన్ ఉన్న మాత్రలు 21. ఆ తర్వాత ఏడు రోజులు ఖాళీ, లేదా మాలా-ఎన్‌లో మాదిరిగా ఏడు ఐరన్ మాత్రలు. ఆ గోధుమ రంగు మాత్రలకు గర్భాన్ని ఆపే గుణం ఏమీ లేదు. రక్తహీనతకు కాస్త మేలు చేస్తాయి, రోజూ వేసుకునే అలవాటు తప్పకుండా చూస్తాయి. ఈ ఏడు రోజుల్లో అండాశయం మెల్లగా మేలుకోవడం మొదలుపెడుతుంది, సంచులు పెరగడమూ మొదలవుతుంది. ఎనిమిదో రోజున కొత్త స్ట్రిప్పులోని మొదటి మాత్ర పడగానే మళ్ళీ ఆగిపోతుంది. అంతకు ముందు మాత్రలు సరిగ్గా వేసుకుని ఉంటే ఈ విరామంలోనూ రక్షణ ఉంటుంది.

స్ట్రిప్పు మధ్యలో ఒక మాత్ర మరిచిపోయినప్పుడు కంగారుపడేవాళ్ళే కొత్త స్ట్రిప్పు రెండు మూడు రోజులు ఆలస్యమైతే పెద్దగా పట్టించుకోరు. ప్రమాదం నిజానికి ఆ రెండోదానిలో ఎక్కువ. సంక్రాంతికి ఊరు బయల్దేరిన హడావిడిలో కొత్త స్ట్రిప్పు హైదరాబాదు ఇంట్లో బీరువాలోనే ఉండిపోతుంది. కనుమ వెళ్ళాక తిరిగివచ్చి, ‘మూడు రోజులే కదా’ అని మొదలుపెడతారు. ఆ మూడు రోజులు ఏడు రోజుల విరామానికి కలిసి పది రోజులవుతాయి. మేలుకుంటున్న అండాశయానికి అది చాలినంత సమయం. ఇంకొందరు స్రావం పూర్తిగా ఆగితే తప్ప కొత్త స్ట్రిప్పు ముట్టుకోరు. మాత్రలు వాడుతున్నప్పుడు స్రావం ఎప్పుడు వచ్చింది, ఆగిందా లేదా అన్న లెక్కే అక్కర్లేదు. విరామం ఏడు రోజులు, ఎనిమిదో రోజున మాత్ర. స్రావం ఉన్నా వేసుకోవలసిందే.

ఒక మాత్ర మరిచిపోయి రెండు రోజులు నిండకముందే గుర్తొస్తే వెంటనే వేసుకోవాలి, ఆ రోజు మాత్ర మామూలు వేళకే వేసుకోవాలి. ఒకే రోజు రెండు పడినా పరవాలేదు, కండోమ్ అక్కర్లేదు. వరుసగా రెండు లేదా అంతకన్నా ఎక్కువ తప్పితే చివరగా తప్పిన ఒక్కదాన్ని వేసుకుని మిగతావి కొనసాగించాలి. మళ్ళీ ఏడు మాత్రలు వరుసగా పడేదాకా కండోమ్ వాడాలి. అంటే మొదలుపెట్టినప్పటి ఏడు రోజుల లెక్కే తిరిగి మొదలవుతుంది. తప్పినవి స్ట్రిప్పు మొదటి వారంలోవి అయి, ఆ ముందు అయిదు రోజుల్లో కలయిక జరిగి ఉంటే అత్యవసర మాత్ర గురించి ఆలోచించాలి. తప్పినవి హార్మోన్ మాత్రల చివరి వారంలోవి అయితే ఈసారికి విరామం తీసుకోకుండా, ఐరన్ మాత్రలు వదిలేసి నేరుగా కొత్త స్ట్రిప్పులోకి వెళ్ళాలి.

ఇవన్నీ పెద్ద చదువులేమీ కావు. అయినా ఇంట్లో అమ్మనో పిన్నినో వదిననో అడిగి తెలుసుకునే వీలు తెలుగు ఇళ్ళలో చాలా తక్కువ. దానికి ఒక కారణం ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కుటుంబ నియంత్రణ అంటే ఇప్పటికీ ఆడవాళ్ళకు చేసే ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద ఆపరేషన్ చేయించుకున్న వివాహిత స్త్రీలు దాదాపు 38 శాతం, మాత్రలు వాడేవాళ్ళు 5 శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆపరేషన్ల వాటా దేశ సగటుకన్నా చాలా ఎక్కువ. చిన్న వయసులో పెళ్ళి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, రెండో కాన్పుతోనే ఆపరేషన్. ఆ తరం ఆడవాళ్ళలో చాలామందికి మాత్రతో పనే పడలేదు. మాదాపూర్‌లోనో ఉప్పల్‌లోనో ఉద్యోగం చేస్తూ, పెళ్ళయినా పిల్లల్ని నాలుగేళ్ళు ఆగి కనాలనుకునే కూతురికి చెప్పడానికి తల్లి దగ్గర అనుభవం లేదు. పచ్చడి పెట్టడం దగ్గర నుంచి పసిపిల్లకు నలుగు పెట్టడం దాకా అన్నీ నేర్పిన తల్లి ఈ ఒక్క విషయంలో నిస్సహాయురాలు. అందులో ఆమె తప్పేమీ లేదు. ఆ లోటును పూడ్చవలసిన బాధ్యత మాత్ర రాసే డాక్టరుది, ఇచ్చే ఆశా కార్యకర్తది, అమ్మే షాపువాళ్ళది. ‘మీ నెలసరి ఎప్పుడు మొదలైంది?’ అని అడగడానికి అర నిమిషం కూడా పట్టదు.

ప్రొజెస్టిన్ మాత్రమే ఉండే మాత్రల విషయం వేరు. వీటిలో పాత రకాలు ప్రధానంగా ముఖద్వారపు జిగురు మీద ఆధారపడతాయి. ఆ మార్పు త్వరగా వస్తుంది కాబట్టి నెలసరి అయిదు రోజుల లోపు మొదలుపెడితే వెంటనే, ఆ తర్వాత అయితే రెండు రోజుల్లో రక్షణ వస్తుంది. త్వరగా వచ్చేది త్వరగానే పోతుంది కూడా. ఈ పాత రకం మాత్ర మూడు గంటలు ఆలస్యమైతే చాలు, మళ్ళీ రెండు రోజులు కండోమ్ వాడాలి. డెసోజెస్ట్రెల్ అనే కొత్త రకానికి పన్నెండు గంటల వెసులుబాటు ఉంది. గచ్చిబౌలిలో ఒక వారం పగలు, ఒక వారం రాత్రి షిఫ్టు చేసే ఉద్యోగినికి ఈ తేడా చిన్నది కాదు. నిద్రవేళే రోజుకొక తీరుగా మారేచోట ‘పడుకునే ముందు’ అనే గుర్తు పనికిరాదు. గడియారంలో ఒక సమయం ఎంచుకుని ఫోనులో అలారం పెట్టుకోవాలి.

పాలిచ్చే తల్లులకు సాధారణంగా సూచించేది ఈ రకాన్నే. ఈస్ట్రోజన్ కలిసిన మాత్ర కాన్పయిన తొలి ఆరు వారాలు పాలిచ్చే తల్లికి తగదు, ఆరు నెలలదాకా కూడా మానుకోవడమే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పాలివ్వని తల్లి కూడా కనీసం మూడు వారాలు ఆగాలి, ఎందుకంటే కాన్పు తర్వాతి రోజుల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. పుట్టింట్లో మూడు నెలలు ఉండి అత్తవారింటికి తిరిగివచ్చే బాలింత విషయంలో ‘ఇంకా నెలసరే రాలేదు కదా’ అని ధీమాగా ఉంటారు. ఆ ధీమాకు మూడు షరతులున్నాయి: బిడ్డకు తల్లిపాలు తప్ప ఏమీ పట్టకూడదు, నెలసరి తిరిగి వచ్చి ఉండకూడదు, బిడ్డకు ఆరు నెలలు నిండి ఉండకూడదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా రక్షణ లేనట్టే. కాన్పు తర్వాత అండం తొలి నెలసరికి ముందే విడుదల కావచ్చు, కాబట్టి నెలసరి కోసం ఆగేలోపే గర్భం రావచ్చు. గర్భస్రావం తర్వాత అయితే ఏడు రోజుల లోపు మాత్ర మొదలుపెడితే అదనపు జాగ్రత్త అక్కర్లేదు.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో దొరికే ఛాయా మాత్ర మరో దారి. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టిన సెంట్‌క్రోమన్ ఇది, హార్మోన్ కాదు. నెలసరి మొదటి రోజున మొదలుపెట్టి తొలి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికొకసారి వేసుకోవాలి.  తొలి నెల కండోమ్ కూడా వాడమనే జాగ్రత్త దీని విషయంలో వినిపిస్తుంది. షాపులో వినబడే ‘నెల ఆగండి’ అన్న మాట బహుశా ఇక్కడి నుంచే వచ్చి అన్ని మాత్రలకూ అంటుకుని ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం పెళ్ళిళ్ళ సీజన్‌లో కనిపిస్తుంది. ముహూర్తం నాటికి నెలసరి అడ్డు రాకూడదని, వ్రతానికో తిరుపతి ప్రయాణానికో ఇబ్బంది కాకూడదని వేసుకునే మాత్రలు మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అవి ఎక్కువగా నోరెథిస్టిరాన్ 5 మిల్లీగ్రాముల మాత్రలు. నెలసరి రావలసిన తేదీకి మూడు రోజుల ముందు నుంచి రోజుకు మూడు చొప్పున వేసుకుంటారు, ఆపిన రెండు మూడు రోజులకు స్రావం వస్తుంది. ఇవీ హార్మోన్ మాత్రలే, ఇవీ నెలసరిని ఆపేవే, కాబట్టి గర్భాన్నీ ఆపుతాయని పెళ్ళికూతురు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ వీటిని గర్భనిరోధానికి నమ్ముకోకూడదు. నెల చివర్లో మొదలై పదిరోజుల్లో ఆగిపోయే మాత్రలు అండం విడుదలకు కట్టడి వేయలేవు. పైగా ఈ మోతాదులో నోరెథిస్టిరాన్ కొంతభాగం ఒంట్లో ఈస్ట్రోజన్‌గా మారుతుంది. అందువల్ల ఇంట్లో ఎవరికైనా కాళ్ళలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే, షాపులో అడిగి తెచ్చుకునే ముందు డాక్టరుకు చెప్పితీరాలి.

ముహూర్తమూ దాటాలి, ఆ తర్వాత రక్షణా కావాలి అనుకునే అమ్మాయికి ఒకే మాత్రతో రెండు పనులూ అయ్యే దారి ఉంది. లగ్నపత్రిక రాసుకున్నాక ఒకటి రెండు నెలల ముందే డాక్టరు దగ్గరికి వెళ్ళి, తేదీ చెప్పి, రెండు హార్మోన్ల మాత్ర మొదలుపెట్టాలి. పెళ్ళి వారంలో విరామం పడేటట్టుంటే ఆ విరామం వదిలేసి, కొత్త స్ట్రిప్పులోని హార్మోన్ మాత్రలు వెంటనే మొదలుపెట్టాలి. అలా చేస్తే నెలసరి వాయిదా పడుతుంది, రక్షణకు లోటుండదు, ఏడు రోజుల లెక్క పెళ్ళికి చాలా ముందే పూర్తయిపోయి ఉంటుంది. పెళ్ళిచీరలకూ నగలకూ నెలల ముందు నుంచి తిరిగే ఇళ్ళలో ఈ ఒక్క పని పెళ్ళికి ముందు వారానికి మిగిలిపోవడం బాధ కలిగిస్తుంది. మొదటి రెండు మూడు నెలల్లో మధ్యమధ్య కనిపించే చిన్నపాటి స్రావం, వికారం కూడా అలా ముందే మొదలుపెడితే సర్దుకుంటాయి. ఆ చిన్న స్రావం చూసి మాత్ర పనిచేయడం లేదని భయపడి మధ్యలో ఆపేవాళ్ళున్నారు. వేళకు వేసుకుంటున్నంత కాలం మాత్ర పనిచేస్తూనే ఉంటుంది.

అత్యవసర మాత్ర 2005 నుంచి డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతోంది. లీవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల ఈ మాత్రను 72 గంటల లోపు, వీలైనంత త్వరగా వేసుకోవాలి. ఇది అండం విడుదలను వాయిదా వేస్తుంది. వాయిదా పడిన అండం అదే నెలలో కొన్ని రోజులకు విడుదల కావచ్చు, కాబట్టి దాని తర్వాత జరిగే కలయికకు రక్షణ ఉండదు. రోజువారీ మాత్రలకు మారాలనుకుంటే వెంటనే మొదలుపెట్టవచ్చు, ఏడు రోజులు కండోమ్ వాడాలి, మూడు వారాల్లో స్రావం రాకపోతే పరీక్ష చేసుకోవాలి.

మాత్ర వేసుకున్న మూడు గంటల లోపు వాంతి అయితే అది పడనట్టే లెక్క, మరొకటి వేసుకోవాలి. జలుబుకో గొంతునొప్పికో ఇచ్చే మామూలు యాంటీబయాటిక్స్ వల్ల మాత్ర పని చెడదు. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ మాత్రం వేరు. అది కాలేయాన్ని ఉరకలెత్తించి మాత్రలోని హార్మోన్లను త్వరగా కరిగించేస్తుంది, ఆపిన తర్వాత కూడా నాలుగు వారాలదాకా ఆ ప్రభావం ఉంటుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమాజెపిన్ కూడా ఇలాంటివే. ఇవి వాడుతున్నంత కాలం ఏడు రోజులు కాదు, ఎన్ని రోజులు గడిచినా ఈ మాత్రను నమ్ముకోలేం. కాపర్-టీ లాంటి వేరే పద్ధతి గురించి డాక్టరుతో మాట్లాడాలి. క్షయ చికిత్స ఆరు నెలలు నడుస్తుంది కాబట్టి ఈ మాట చికిత్స మొదలైన రోజే చెప్పవలసినది.

రోజూ తప్పకుండా వేసుకుంటే ఏడాదిలో నూరుమందిలో ఒక్కరికి కూడా గర్భం రాదు. మరుపులూ ఆలస్యాలూ కలిసిన నిజ జీవితంలో నూరుకు ఏడుగురికి వస్తుంది. అందరికీ ఈస్ట్రోజన్ ఉన్న మాత్ర పడదు కూడా. రక్తపోటు ఎక్కువగా ఉన్నవాళ్ళు, 35 దాటి పొగతాగేవాళ్ళు, కళ్ళ ముందు మెరుపులు కనిపించి తలనొప్పి వచ్చే పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్ళు, రక్తం గడ్డకట్టిన చరిత్ర, రొమ్ము క్యాన్సర్, తీవ్రమైన కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు దీనికి దూరంగా ఉండాలి. మొదటి స్ట్రిప్పు కొనేముందు రక్తపోటు ఒకసారి చూపించుకోవాలి. హైదరాబాదు బస్తీల్లో 2018 నుంచి నడుస్తున్న బస్తీ దవాఖానాల్లో ఆ పరీక్షకు పైసా ఖర్చు లేదు. అక్కడ కూర్చున్న అయిదు నిమిషాల్లోనే నెలసరి తేదీ చెప్పి, ఏ రోజు మొదలుపెట్టాలో, ఎన్ని రోజులు కండోమ్ వాడాలో అడిగి ఒక కాగితం మీద రాయించుకోవచ్చు.